పొయ్యి అనుభవం

అర్జీ మూడోసారి కూడా వెనక్కి వచ్చింది. ఈసారి దానికి కవరు కూడా దండగ అనుకున్నారు కాబోలు, కూరగాయల ట్రేలో కీరా దోసకాయల మీద పడేసి పంపించారు. తడికి ఒక మూల మెత్తబడింది. కింద ఎర్ర సిరాతో ఒక్క ముక్క రాసి ఉంది: "పొయ్యి దగ్గర అనుభవం లేదు."

ఫ్రిజ్జక్క చేతులు తుడుచుకుని ఆ కాగితాన్ని వెనక్కి తిప్పి చూసింది, అటువైపు ఇంకేమైనా రాశారేమోనని. ఏమీ లేదు.

విందులకు తిండి సరఫరా చేసే ఆ వంటశాలలో అందరూ కలిసి ఆమెకు పెట్టిన పేరు అది. పెద్ద వంటగదిలో ఎనిమిది పొయ్యిలు, వాటి ముందు ఎనిమిది మంది మగాళ్ళు. పక్కన మందపాటి తలుపు, దాని వెనక చల్లగది. అక్కడ పొయ్యి ఉండదు. కోసేవి, కలిపేవి, చుట్టేవి, పేర్చేవి అన్నీ అక్కడే తయారవుతాయి. పదకొండేళ్ళుగా ఫ్రిజ్జక్క, ఆరేళ్ళుగా ఆమె తమ్ముడి భార్య, స్వెట్టర్ల మీద నీలం ఆప్రాన్లు కట్టుకుని ఆ గదిలో పనిచేస్తున్నారు. తెల్లకోటు వంటవాళ్ళది, నీలం ఆప్రాన్ హెల్పర్లది. హెల్పరుకు యాభై నిండితే ఇంటికి పొమ్మంటారు. వంటవాళ్ళయితే అరవై దాకా ఉండొచ్చు. వచ్చే నెలాఖరుకు ఫ్రిజ్జక్కకు యాభై నిండుతాయి. అందుకే వంటమనిషిగా తీసుకోమని ఈ అర్జీ.

"ఏం రాశారు వదినా?" అంది మరదలు, ముల్లంగి తోకలు తెంపుతూ.

"పొయ్యి అనుభవం లేదట."

"చల్లగదిలో పొయ్యి అనుభవం ఎక్కణ్ణుంచి తెస్తాం? ఇంటి నుంచి సిలిండరు నెత్తిన పెట్టుకుని రావాలా?"

ఫ్రిజ్జక్కకు నవ్వు రాలేదు. కాగితం పట్టుకుని తలుపు తోసి పెద్ద వంటగదిలోకి వెళ్ళింది. అక్కడ పెద్ద వంటమనిషి, అందరూ మాస్టర్ అని పిలిచే ఆయన, బల్ల ముందు కూర్చుని సంతకాలు పెడుతున్నాడు. బయటికి వెళ్ళే ప్రతి ట్రేతోపాటు ఒక వివరాల పత్రం వెళ్ళాలి. అందులో ఏముంది, పడనివాళ్ళ కోసం పాలు తగిలాయా, గింజలు తగిలాయా, వండినదా పచ్చిదా అని గళ్ళుంటాయి. కింద వంటమనిషి సంతకం పెట్టాలి. హెల్పరు సంతకం చెల్లదు. పద్ధతి మంచిదే. కానీ మాస్టర్ ప్రతి సోమవారం టీ తాగుతూ వారానికి సరిపడా ఖాళీ పత్రాల మీద ఒకేసారి సంతకాలు గిలికేసేవాడు. చెయ్యి ఎలాగూ ఆడుతోంది కదా అని 'వండినది' అనే గడిలో టిక్కు కూడా కొట్టేసేవాడు. పచ్చి ముల్లంగి ముక్కలు కూడా ఆ వంటశాల నుంచి వండినవిగానే బయటికి వెళ్ళేవి.

"మాస్టర్, నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వంది ఎవరు?"

ఆయన తల ఎత్తలేదు. "మళ్ళీ మొదలెట్టావా?"

"చేరిన మూడో నెలలో అడిగాను. ఆడవాళ్ళకి ఆ వేడి ఎందుకన్నారు. అయిదో ఏట అడిగాను. గంగాళాలు ఎత్తలేవన్నారు. ఇప్పుడేమో పొయ్యి దగ్గర పని చెయ్యలేదంటున్నారు. రానివ్వనిదీ మీరే, రాలేదనేదీ మీరేనా?"

"నీ మంచికే చెప్పానమ్మా. చల్లగా నీడపట్టున ఉన్నావు. అదృష్టం కాదూ?"

చల్లగా ఉందట! పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మంచుగడ్డలాంటి చేపను కోస్తే వేళ్ళు ఎలా కొంకర్లు పోతాయో ఆయనకేం తెలుసు. ఇంటికెళ్ళి వేడినీళ్ళలో పెడితే గానీ జాకెట్టు హుక్కు పెట్టుకోవడానికి కూడా వేళ్ళు వంగవు. ఫ్రిజ్జక్కకు ఒళ్ళు మండిపోయింది. ఇంకో మాట అనబోయేంతలో మేనేజరు పరుగున వచ్చాడు.

"మాస్టర్, శుక్రవారం సాయంత్రం నూట ఇరవై మందికి. షుగరు డాక్టర్ల సమావేశం. పాత గ్రంథాలయంలో."

"దానికేముంది? వేడివేడిగా..."

"అదే కుదరదు. లోపల పాత కాగితాలున్నాయట. మంట కాదు కదా, కరెంటు పొయ్యి కూడా పెట్టనివ్వరు. బియ్యం వద్దు, గోధుమ పిండి వద్దు, బంగాళాదుంప వద్దు, తీపి అసలే వద్దు. చేతిలో పట్టుకుని తినేవి కావాలి. చేపలుంటే మరీ మంచిదన్నారు."

"నిప్పు వద్దు, పిండి వద్దు, తీపి వద్దు. మరేం పెట్టాలి? గాలా?"

ఒక్కొక్కరి చూపే మందపాటి తలుపు వైపు తిరిగింది. మాస్టర్ కూడా అటే చూసి, గొంతు సవరించుకుని, ఫ్రిజ్జక్క చేతిలోని తడి కాగితం మీద వేలు పెట్టాడు.

"ఈ విందు గట్టెక్కించు. దీనిమీద నేనే సంతకం పెడతా. అమ్మతోడు."

*

మంగళవారం పొగబెట్టిన చేప వచ్చింది. గాలి తీసేసిన ప్లాస్టిక్ సంచుల్లో, ఒక్కొక్కటి మోచెయ్యంత పొడవున్న ఎర్రటి పలకలు. ఫ్రిజ్జక్క మొదటి సంచి వెనక చీమ తలకాయలంత అక్షరాలను కళ్ళజోడు పెట్టుకుని చదివింది. చదివి, సంచి పట్టుకుని మళ్ళీ మాస్టర్ దగ్గరికి వెళ్ళింది.

"మాస్టర్, ఈ చేప వేడి చూసింది కాదు. చల్లటి పొగ పెట్టారు. లోపల పచ్చిదే. పత్రంలో పచ్చిదని రాయాలి."

ఆయన గరిటె ఆపి పొయ్యిల దగ్గరున్న వాళ్ళందరికీ వినబడేలా అడిగాడు. "పొగ ఎక్కణ్ణుంచి వస్తుందమ్మా? నిప్పు లేకుండా వచ్చిందా?"

ఎనిమిది పొయ్యిల వాళ్ళూ గొల్లుమన్నారు.

"నిప్పు ఒకచోట ఉంటుంది, చేప ఇంకోచోట ఉంటుంది. గొట్టంలోంచి పొగ ఒక్కటే..."

"ముప్పై ఏళ్ళుగా పొగ మింగుతున్నవాడికి పొగ గురించి చెప్తున్నావా? చేపంటే చేపే. నువ్వు కోసుకో, చాలు."

ఆమె చెవులు వేడెక్కిపోయాయి. చల్లగదిలోకి వచ్చి తలుపు గట్టిగా వేద్దామంటే ఆ తలుపు గట్టిగా పడదు, రబ్బరు అంచు కదా, మెల్లగా మూసుకుంటుంది. దాంతో ఇంకా ఉడుక్కుంది.

"పోనీ వదినా, మనకెందుకు? సంతకం ఆయనది" అంది మరదలు.

"తినే నోరు ఆయనది కాదుగా."

తర్వాత ఆమె పనిలో పడింది. చేప పలకను బల్లమీద పరిచి, చూపుడువేలు కొసతో తోక వైపు నుంచి తల వైపుకు మెల్లగా రాసింది. అలా ఎదురు రాస్తేనే సన్నముల్లు వేలికి తగులుతుంది. తగిలిన చోట చిన్న పట్టకారుతో, ముల్లు ఏ వాలున ఉందో ఆ వాలునే లాగింది. నిట్టనిలువుగా లాగితే మాంసం చిరుగుతుంది. ఒక పలకలో ఇరవై ఎనిమిది ముళ్ళు వచ్చాయి. గిన్నెలో వేసి లెక్క చూసుకుంది. తర్వాత పొడుగాటి పల్చటి కత్తిని తడిపి, బాగా ఏటవాలుగా పట్టుకుని, రంపంలా కొయ్యకుండా ఒక్క లాగుతో పొర తీసింది. పొర కింద వార్తాపత్రిక పెడితే అక్షరాలు కనబడాలి. అదీ ఆమె కొలత.

కీరాను వేలిమందాన బిళ్ళలుగా కోసి మరదలు ఉప్పు డబ్బా అందుకోబోయింది. ఫ్రిజ్జక్క ఆమె చేతిమీద ఒక్కటిచ్చింది.

"ఉప్పేస్తే నీళ్ళు కక్కుతుందే పిల్లా! ట్రే చెరువైపోతుంది. ఉప్పు చేపలో ఉంది, చాలు. బిళ్ళను బట్టతో అద్ది, ముందు పెరుగు రాయి. పెరుగు అడ్డం ఉంటే చేపకు తడి తగలదు."

పెరుగును ముందురోజే గుడ్డలో మూటగట్టి వేలాడదీశారు. నీళ్ళన్నీ ఓడి వెన్నముద్దలా అయింది. అందులో నిమ్మతొక్క తురుము, మిరియాల పొడి, సన్నగా తరిగిన ఉల్లికాడ కలిపింది. నిమ్మరసం మాత్రం వెయ్యలేదు. రసం పడితే పావుగంటలో చేప తెల్లబడి ఉడికినట్టు గట్టిపడుతుంది. బిళ్ళ మీద పెరుగు, పెరుగు మీద గులాబిపువ్వులా చుట్టిన చేప పొర. ఇది ఒక రకం. క్యాప్సికం పుల్లల చుట్టూ చేప చుట్టి ఉల్లికాడతో ముడివేసింది ఇంకో రకం. చేప తినని వాళ్ళకు లెట్యూస్ ఆకు దొన్నెలో పెరుగు, ముల్లంగి. దానికి కత్తి వేరు, పలక వేరు, మూత పెట్టిన ట్రే వేరు. బుధవారం, గురువారం ఇద్దరూ అన్నీ చేసి చూసి, రెండు గంటలు బయట పెట్టి, మళ్ళీ చూశారు. బిళ్ళ తడవలేదు, పొర వాడలేదు.

గురువారం సాయంత్రం మాస్టర్ వచ్చి వేళ్ళతో ఒకటి తీసి నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. ఇంకోటి వేసుకున్నాడు.

"ఊఁ, పర్లేదు. దీనికి నేనేం పేరు పెట్టాలి?" అన్నాడు.

'మనం' అని కూడా కాదు, 'నేను'.

*

శుక్రవారం గ్రంథాలయంలో పొడుగాటి చదువు బల్లల మీద తెల్లటి దుప్పట్లు పరిచి ట్రేలు సర్దారు. ప్రతి చేప ట్రే పక్కన ఫ్రిజ్జక్క తన చేత్తో రాసిన చీటీ ఒకటి పెట్టింది: 'పచ్చి చేప. పొగబెట్టినది.' మాస్టర్ ఇస్త్రీ మడత నలగని తెల్లకోటు వేసుకుని, పొడుగాటి టోపీ పెట్టుకుని వచ్చి ఆ చీటీలన్నీ ఏరి జేబులో కుక్కుకున్నాడు.

"పచ్చి అని రాస్తే ఎవరైనా తింటారా? పరువు తీస్తావేంటి? వెనక్కి వెళ్ళి నించో."

"అయితే నోటితోనైనా చెప్పండి మాస్టర్."

"చెప్తాలే, పో."

పుస్తకాల బీరువాల వెనక, ఖాళీ డబ్బాల పక్కన వదినా మరదళ్ళు నిలబడ్డారు. బీరువాల సందులోంచి బల్లలు కనబడుతున్నాయి, మాటలు వినబడుతున్నాయి.

"అద్భుతంగా ఉందండీ. ఎవరి ఆలోచన ఇది?"

"నాదేనండీ. మూడు రోజులు తల బద్దలు కొట్టుకున్నా."

"ఈ పొర ఇంత పల్చగా ఎలా కోశారు?"

"అనుభవం అండీ, అనుభవం. ముప్పై ఏళ్ళు."

మరదలు పళ్ళు నూరింది. "చూశావా వదినా, మాస్టర్ కాకమ్మ కథలు! కత్తి ఏ వైపు పట్టుకోవాలో అడగమను, తెల్లమొహం వేస్తాడు."

"ఊరుకోవే. సంతకం పెడతానన్నాడుగా" అంది ఫ్రిజ్జక్క. ఇంకో గంట పళ్ళబిగువున నిలబడితే పదేళ్ళ ఉద్యోగం మిగులుతుంది.

సమావేశం పెట్టించిన పెద్ద డాక్టరమ్మ అప్పుడే కూతుర్ని వెంటబెట్టుకుని బల్ల దగ్గరికి వచ్చింది. కూతురికి ఆరో నెలో, ఏడో నెలో. నడుం మీద చెయ్యి వేసుకుని మెల్లగా నడుస్తోంది. కీరా బిళ్ళ ఒకటి పళ్ళెంలో పెట్టుకుంది.

"ఒక్క నిమిషం" అంది డాక్టరమ్మ. మాస్టర్ వైపు తిరిగింది. "ఈ చేప ఉడికిందేనా? మా అమ్మాయి కడుపుతో ఉంది. పచ్చిది పెట్టకూడదు."

"పూర్తిగా వండిందేనమ్మా. నిశ్చింతగా తినమనండి. ఇదిగో, చూడండి." మాస్టర్ వివరాల పత్రం తీసి చూపించాడు. వండినది అనే గడిలో టిక్కు, కింద సంతకం, రెండూ సోమవారం నాటివి.

డాక్టరమ్మ చదివి తల ఊపింది. కూతురు బిళ్ళ చేతిలోకి తీసుకుంది.

"తినకమ్మా!"

ఫ్రిజ్జక్క తను ఎప్పుడు బయటికి వచ్చిందో తనకే తెలియదు. నీలం ఆప్రాన్‌తో, తడిచేతులతో బల్లకు ఇవతల నిలబడి ఉంది.

"అది వండింది కాదు" అంది.

వండింది కాదు, నువ్వు చేసేది వంట కాదు అని పదకొండేళ్ళుగా ఆ ఎనిమిది పొయ్యిల ముందు విని విని విసిగిపోయిన మాట. ఇప్పుడు తనే, నూట ఇరవై మంది ముందు, తన చేతిపని గురించి తనే ఆ మాట అనాల్సి వచ్చింది.

"ఎవరీవిడ?" అంది డాక్టరమ్మ.

"హెల్పరండీ. ఏమీ తెలీదు, ఊరికే కంగారుపడుతోంది. ఏయ్, లోపలికి పో!"

"నేను ఆవిణ్ణి అడుగుతున్నాను. మీకెలా తెలుసమ్మా?"

"కోసింది నేనే. ముళ్ళు తీసింది నేనే. చుట్టింది నేను, మా మరదలు. దీనికి చల్లటి పొగ పెట్టారండీ. వేడి తగల్లేదు. మిగతావాళ్ళకి ఫరవాలేదు, అమ్మాయికి మాత్రం వద్దు." ఈలోగా మరదలు వెనక డబ్బాలోంచి ఖాళీ సంచి పట్టుకొచ్చింది. ఫ్రిజ్జక్క తన కళ్ళజోడు తీసి దాంతోపాటు డాక్టరమ్మకు అందించింది.

డాక్టరమ్మ ఆ చీమ తలకాయల అక్షరాలు చదివింది. ఒకసారి పత్రం వైపు, ఒకసారి మాస్టర్ వైపు చూసింది. ఆవిడ కూతురి చేతిలోంచి బిళ్ళ తీసి పక్కన పెట్టింది.

"మరి ఈ పిల్లకి తినడానికేం లేదా?"

"ఉందండీ." ఫ్రిజ్జక్క మూత ట్రే తెచ్చింది. "ఇందులో చేప తగల్లేదు. కత్తి కూడా వేరే. పెరుగు కాచిన పాలదే. తినమ్మా."

ఆ అమ్మాయి ఆకుదొన్నె ఒకటి తిని, ఇంకోటి తీసుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో మాస్టర్ ఒక్క మాటే అన్నాడు, అదీ ముందు సీటులోంచి, వెనక్కి తిరక్కుండా. "ఆ అర్జీ ఇక పొయ్యిలో వేసుకో."

*

"చెప్పకుండా ఉంటే ఏమయ్యేది?" అని అడిగాడు భర్త. గడియారాలు బాగుచేసే మనిషి. శనివారం పొద్దున్నే కంటికి అద్దం బిగించుకుని చిన్న చక్రాలు తుడుస్తున్నాడు.

"ఆ అమ్మాయి తినేది."

"తింటే తప్పకుండా ఏదో అయ్యేదా?"

"ఏమో, అవ్వకపోయేదేమో. నాకు తెలిసీ నోరు మూసుకున్నాక, అవ్వకపోతే మాత్రం నాకు నిద్ర పట్టేదా?"

ఆయన ఒక చక్రం దాని చోట పెట్టి, తల ఊపి, "అయితే మంచిపనే చేశావు, టిఫిను తిని వెళ్ళు" అన్నాడు. ఆమెకు అప్పుడు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తిన్నది.

వంటశాలలో అడుగుపెట్టగానే మేనేజరు గదిలోకి రమ్మన్నారు. మాస్టర్ అప్పటికే కుర్చీలో ఉన్నాడు. ఆమెను ఎవరూ కూర్చోమనలేదు. బల్లమీద డాక్టరమ్మ పంపిన ఉత్తరం ఉంది. ఈ నెలలోనే ఇంకో మూడు సమావేశాలున్నాయట. అవే పదార్థాలు కావాలట. కానీ శుక్రవారం నాటి వివరాల పత్రం తప్పు కాబట్టి సరైన పత్రం ఇవ్వాలట. అదీ చేసిన మనిషే, చేపకు వేడి తగిలిందో లేదో తెలిసిన మనిషే సంతకం పెట్టి ఇవ్వాలట. లేకపోతే వేరేవాళ్ళని చూసుకుంటారట.

"దానిదేముంది?" అన్నాడు మాస్టర్. గొంతులో ఎన్నడూ లేని తేనె. "ఇదిగో తల్లీ, వండిందని నువ్వే నాకు పొరపాటున చెప్పావని రెండు ముక్కలు రాసివ్వు. నీ అర్జీ మీద ఇప్పుడే సంతకం పెట్టేస్తా. నీకూ మంచిది, నాకూ మంచిది."

"నేను మంగళవారం చెప్పింది పచ్చిదని. ఎనిమిది మంది విన్నారు. నవ్వారు కూడా."

"అబ్బా, మాట పట్టింపు దేనికి..."

"నేను అబద్ధం రాయను మాస్టర్. నా చేప గురించి అసలే రాయను."

మేనేజరు నుదురు రుద్దుకున్నాడు. "అది కాదులెండి మాస్టర్, డాక్టరమ్మకి కావలసింది సంజాయిషీ కాదు, సరైన పత్రం." కొత్త పత్రం ఒకటి తీసి బల్లమీద ఫ్రిజ్జక్క వైపు తిప్పి, కలం పెట్టాడు. "నువ్వే నింపి సంతకం పెట్టమ్మా. మధ్యాహ్నం లోపు పంపాలి."

ఫ్రిజ్జక్క కలం ముట్టుకోలేదు. వంగి, పత్రంలో చివరి వరుస మీద వేలు పెట్టింది. 'వంటమనిషి సంతకం' అని అచ్చు వేసి ఉంది.

"హెల్పరు సంతకం చెల్లదు కదండీ."

మేనేజరు పత్రాన్ని చూశాడు, ఉత్తరాన్ని చూశాడు, మాస్టర్‌ని చూశాడు.

ఫ్రిజ్జక్క ఆప్రాన్ జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసింది. తడిసిన మూల ఎండి గరుకుగా అయింది. దాన్ని బల్లమీద సాపు చేసి, ఎర్ర సిరా రాత పైకి కనబడేలా మాస్టర్ ముందుకు జరిపింది.

"ముందు ఇది. తర్వాత అది."

"మరి పొయ్యి అనుభవం?" అన్నాడు మాస్టర్, మేనేజరు వైపు ఆశగా చూస్తూ.

"మీరు సంతకం పెట్టండి మాస్టర్" అన్నాడు మేనేజరు.

మాస్టర్ ఎర్ర సిరా మాటను అడ్డంగా కొట్టేశాడు. ఆమె పక్కన నిలబడి చూస్తోంది. కింద, ఫలానా ఆమెను వంటమనిషిగా తీసుకోవడానికి సిఫారసు చేస్తున్నాను అనే వరుస దగ్గర ఆయన కలం ఆగిపోయింది. ఖాళీ గీత ఉంది. అక్కడ పేరు రాయాలి. ఆయన తల ఎత్తాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"నీ పేరు... ఏంటమ్మా?"

పదకొండేళ్ళు! ఒకే తలుపుకు అటూ ఇటూ. అర్జీ పైభాగాన, ఆయన బొటనవేలి కిందే, ఆమె పేరు పెద్ద పెద్ద అక్షరాల్లో ఉంది. మూడుసార్లు వెనక్కి పంపాడు గానీ ఒక్కసారీ అంతదూరం చదవలేదన్నమాట.

ఆమె వేలు పెట్టి చూపించలేదు. ఇంటిపేరుతో సహా, ఒక్కొక్క అక్షరం వినబడేలా చెప్పింది. ఆయన రాశాడు. ఆమె కళ్ళజోడు పెట్టుకుని, వంగి, మొత్తం చదువుకుని, మడిచి, జేబులో పెట్టుకోకుండా మేనేజరు చేతికిచ్చింది. మేనేజరు కూడా కింద సంతకం పెట్టాడు.

అప్పుడు మూల ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది. పత్రం దగ్గరికి జరుపుకుంది. చల్లటి వేళ్ళను రెండుసార్లు ముడిచి విప్పి కలం తీసుకుంది. కీరా, పెరుగు, నిమ్మతొక్క, మిరియాలు, ఉల్లికాడ, చేప. పాలు తగిలాయి. గింజలు తగల్లేదు. 'వండినది' అనే గడిని ఖాళీగా వదిలేసి, పక్కన 'పచ్చిది' అనే గడిలో టిక్కు కొట్టి, కింద వంటమనిషి అన్న చోట సంతకం పెట్టింది.